లోపల ఏం పెట్టుకుంటావన్నా?

మా చెల్లెలి కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో ఇంట్లో కూర్చుని తోలు పర్సులు కుడుతున్నాడు. ఈ మధ్య వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చెన్నై నుంచి వాడికో పార్సిల్ వచ్చింది. బ్లేడుతో టేపు కోసి, చుట్ట చుట్టిన తోలు బయటికి లాగాడు. హాలంతా వాసన కమ్ముకుంది. తోలుని ఊనడానికి, అంటే కుళ్ళకుండా పదును చెయ్యడానికి వాడే తంగేడు చెక్క వగరు, దాని కింద కానుగ నూనె జిడ్డు. నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది, తాగడం మర్చిపోయాను.

"పైకి ఇది సరిపోద్ది పెద్దమ్మా. లోపల అరలకి ఏం వెయ్యాలో తెలీట్లా. వీడియోల్లో తలా ఒకటి చెప్తున్నారు" అన్నాడు.

"లోపల ఏం పెట్టుకుంటారు?" అని అడిగేశాను. ఆలోచించి అడిగింది కాదు. కందుకూరు బస్టాండు ఎదురుగా మా నాయన బడ్డీకొట్టులో పొద్దున్నించీ సాయంత్రం దాకా వినీ వినీ నోటికి పట్టిన మాట.

*

ఆ కొట్టు ముందు చెక్కతలుపు పైకెత్తి కర్ర పోటు పెడితే అదే చూరు. వెనక గోడకి మేకులు, మేకులకి పట్టీలు, బకిళ్ళు, తోలుకి బెజ్జాలు పొడిచే రకరకాల ఆరెలు. నేల మీద మార్కాపురం నుంచి తెప్పించిన పలకరాయి బండ ఒకటి. బడిపిల్లల పలకలు చేసే రాయే, కాకపోతే మందంగా, నున్నగా అరగదీసింది. దాని మీద తోలు పరిచి రంపెతో, అంటే తోలు చెక్కే కత్తితో, అంచులు పలచన చేసేవాడు. సర్ సర్‌మని ఒకే లయలో వచ్చేది ఆ చప్పుడు. రాలిన తోలు పొట్టు మా చెల్లెలి జడలో, నా పుస్తకాల్లో, ఇంటికెళ్ళాక అన్నం కంచంలో కూడా కనిపించేది.

వచ్చినవాళ్ళు ముందు రంగు అడిగేవాళ్ళు. నల్లది ఉందా, ఎర్రది ఉందా, ఒంగోల్లో చూశాను మెరుస్తా ఉండాది, అట్టాంటిది కావాల అని. నాయన రంగు సంగతి ఎత్తేవాడు కాదు.

"లోపల ఏం పెట్టుకుంటావన్నా?"

కొందరికి విసుగు. "ఏదో ఒకటి పెట్టుకుంటాంలేవయ్యా" అనేవాళ్ళు. ఆ మనిషికి నాయన పని ఆలస్యంగా చేసేవాడు, కావాలని కాదు, ఏం చెయ్యాలో తోచక. నడిమి గోడ, అంటే అరకీ అరకీ మధ్య అడ్డం, దేంతో కట్టాలో తెలిస్తేనే సంచి ఎంత లావు, పట్టీ ఎక్కడ, మూత ఎంత దిగాలి అన్నీ తెలుస్తాయని ఆయన లెక్క. మిగతావాళ్ళు సంచి బయటి నుంచి లోపలికి కుడితే మా నాయన లోపలి నుంచి బయటికి కుట్టేవాడు.

*

మా తాత సంచులు కుట్టలేదు, కపిల తొండాలు కుట్టాడు, బావిలోంచి ఎద్దులతో నీళ్ళు తోడే కపిలకి కట్టే తోలువి. ఎద్దులు వాలులో దిగుతుంటే తొండం నిండా నీళ్ళు పైకొచ్చి కాలవలోకి దబ్బున పడేవి. మా పల్లె చుట్టుపక్కల ఏ బావి మీద కపిల తిరిగినా తొండం మీద తాత చెయ్యి పడాల్సిందే. ఆ బావి గట్టెక్కి మేం నీళ్ళు తోడుకోకూడదు. తాత కుట్టిన తొండంతో వచ్చిన నీళ్ళే కాలవ చివర దోసిలి పట్టి తాగేవాళ్ళం. అవ్వ ఈ సంగతి చెప్పేటప్పుడు కోపంగా చెప్పేది కాదు, నవ్వుతా చెప్పేది. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

కరెంటు మోటార్లొచ్చి కపిలలు పోయాక తాత చెప్పులతో, డప్పులతో సరిపెట్టుకున్నాడు. నాయన కావలి పోయి ఒక సాయిబు గారి దగ్గర బ్యాగుల పని నేర్చుకున్నాడు. కానీ తాత దగ్గర నేర్చుకున్నదాన్ని ఒకదాన్ని చివరిదాకా వదల్లేదు. వెన్ను తోలు సాగదు, పొట్ట తోలు సాగుద్ది. నీళ్ళ బరువు మోసే తొండంలో పొట్ట తోలు ముక్క పడిందంటే నాలుగు రోజులకే సంచిలా ఉబ్బి చినిగేది.

సంచి లోపలి గోడకీ అదే సూత్రం. కనపడని చోటే కదా అని చాలామంది పొట్ట ముక్కలు, కాళ్ళ దగ్గరి ముక్కలు లోపలికి తోసేస్తారు. కొత్తలో బాగానే ఉంటుంది. గోడ అంచు మీద రోజూ చెయ్యి పడీ పడీ అది సాగి, వంగి, ఒక పక్కకి వేలాడుతుంది. అప్పుడు ఈ అరలో పెట్టింది ఆ అరలోకి జారుతుంది. నాయన గోడ పై అంచు తోలు వెన్నెముక వెంబడి వచ్చేట్టు కోసేవాడు. అట్టా కోస్తే వేస్టు ఎక్కువ పోతుంది. కావలి సాయిబు గారు దుబారా అని తిట్టేవాడంట.

*

ఎక్కువ గిరాకీ ప్రైవేటు బస్సుల కండక్టర్లది. పామూరు, కనిగిరి, కావలి, ఒంగోలు బస్సులు మా కొట్టు ముందే ఆగేవి. బస్సు ఆగిన ఆ కాసేపట్లోనే తెగిన పట్టీ కుట్టించుకొని, డ్రైవరు హారన్ కొడుతుంటే పరిగెత్తేవాళ్ళు.

కండక్టరు సంచి పైకి మామూలుగా కనపడుతుంది గానీ లోపల పని దానికి ఉన్నంత దేనికీ ఉండదు. ఒక పక్క చిల్లర, ఒక పక్క నోట్లు, మధ్యలో రబ్బరు బ్యాండ్లు వేసిన టిక్కెట్ల కట్టలు. కళ్ళేమో ఎక్కేవాళ్ళ మీద, దిగేవాళ్ళ మీద. సంచిలోకి చూసే తీరిక ఉండదు, చేతికే తెలియాలి. అందుకని నాయన మూడు అరలకీ మూడు రకాల గోడలు పెట్టేవాడు. వేలు తగలగానే ఇది ఫలానా అర అని తెలిసేట్టు.

చిల్లర అరకి మొదట్లో అందరూ ఖాకీ డ్రిల్లు గుడ్డే వేసేవాళ్ళు. చిల్లరంతా అడుగున రెండు మూలలకి చేరి, రోడ్డు గుంటల్లో ఎగిరెగిరి అక్కడే రాసుకుంటుంది. ఏడాది తిరక్కుండా మూలలు చినిగేవి. పైగా అప్పటి అయిదు, పది, ఇరవై పైసల అల్యూమినియం బిళ్ళలు గుడ్డకి బూడిద రంగు మసి పూసేవి. ఆ మసి కండక్టరు గోళ్ళల్లో, అక్కణ్ణించి నోట్ల మీద. నాయన అడుగూ మూలలూ ఈఐ దూడ తోలు వేశాడు, ఈస్ట్ ఇండియా రకం అంటారు, చెక్కతో ఊనింది, నునుపు వైపు పైకి. గోడలు మాత్రం డ్రిల్లే ఉంచాడు. అంతా తోలే వేస్తే బరువు, పొద్దస్తమానం భుజాన మోసేవాడికి తెలుస్తుంది ఆ బాధ.

నోట్ల అరకి మెరుపు పట్టించిన మేకతోలు. ఒకాయన పట్టుబట్టి నూగు తోలు వేయమన్నాడు, స్వీడ్ అంటారే, అది. మెత్తగా ఉందని. నాయన వద్దని చెప్పి, వినకపోతే వేసిచ్చాడు. నోటు లాగితే నూగు పట్టుకుంటుంది, నలిగిన రూపాయి నోటైతే సగం చేతిలోకి, సగం సంచిలోకి. వారం తిరక్కుండా వచ్చి మార్పించుకున్నాడు ఆయన. నాయన ఏమీ అనలేదు, కూలి మాత్రం రెండోసారీ తీసుకున్నాడు.

గోడ అడుగుకి కుట్టాలా, వదిలెయ్యాలా అన్నది ఇంకో సంగతి. రెండు పక్కలా కుట్టి అడుగున వదిలేస్తే సంచి ఖాళీగా ఉన్నప్పుడు చదునుగా మడత పడుతుంది, లెక్కల పుస్తకాలు పెట్టుకునేవాళ్ళకి అదే హాయి. కండక్టరుకి అట్టా వదిలితే పావలాలు గోడ కిందనుంచి పాకి నోట్ల అరలోకి పోతాయి. అందుకని వాళ్ళకి అడుగు కూడా కుట్టేవాడు, రెండు సూదుల కుట్టు. ఒక దారం తెగినా రెండోది పట్టుకునుంటుంది, మిషను కుట్టులాగా వరసంతా ఊడిపోదు. మూలల్లో ఇత్తడి రివెట్లు కొట్టి, వాటి తలలు లోపలికి కనపడకుండా చిన్న తోలు బిళ్ళ అతికించేవాడు. తోలు జిడ్డుకి ఇత్తడి చిలుము పడుతుంది. ఆ పచ్చ చిలుము నోట్లకి అంటుతుంది.

*

మిగతావాళ్ళ గురించి కొంచెం కొంచెం.

కరణం గారి సంచి. పంచాంగం తోలుకి తగలకూడదు, ఆ అర వరకూ తెల్ల గుడ్డ వెయ్యి అన్నాడాయన, వరండా మెట్టు మీద మమ్మల్ని నిలబెట్టి. నాయన ఖద్దరు వేశాడు. సంచి కుట్టిందెవరు, ఆ ఖద్దరు ముక్కని దారంతో బిగించిందెవరి చెయ్యి అని ఆయన ఆలోచించినట్టు లేదు. 1984లో కరణాల ఉద్యోగాలు తీసేశాక ఆ సంచిలో లెక్క పుస్తకాలు పోయి పంచాంగం ఒక్కటే మిగిలిందని మా వాడలో జోకు.

కంసాలి ఒకాయన వెండి పట్టీల సంచికి ఎర్ర ఉన్నిగుడ్డ అస్తరు అడిగాడు. అందంగా ఉంటుంది, గోకదు. కొన్నాళ్ళకి పట్టీలన్నీ నల్లబడ్డాయి. ఉన్నిలో గంధకం ఉంటుంది, అది వెండికి పడదు. అతికించిన రబ్బరు సొల్యూషన్లోనూ ఉంటుంది. కంసాలే కనిపెట్టి చెప్పాడు. తర్వాత నూలు వెల్వెట్టు, మైదా జిగురు. అప్పట్నించీ నల్లబడలేదు.

మంగలి కత్తుల పొదికి తంగేడు తోలు వెయ్యకూడదని మాత్రం నాయనకి ముందే తెలుసు. తడి ఇనుము ఆ తోలుకి తగిలితే నల్లటి మచ్చ పడుతుంది, ఎంత తుడిచినా పోదు. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి వెనకటికి సిరా చేసేవాళ్ళే, ఆ నలుపే ఇదీ. తోలు నలుపు చెయ్యాలంటే తాత కావాలనే తుప్పు నీళ్ళు పూసేవాడు. ఒకరికి మచ్చ, ఒకరికి రంగు. పొదిలో అది తోలునీ పాడు చేస్తుంది, కత్తికీ తుప్పు పట్టిస్తుంది. అందుకని లోపల నూనె గుడ్డ.

ఆర్‌ఎంపీ డాక్టరు గారి బ్యాగు కథ వేరు. స్పిరిట్ సీసా ఎప్పుడో ఒకప్పుడు ఒలుకుతుంది, తోలు మీద మెరుపంతా కరిగి చారలు పడుతుంది. అక్కడ రెక్సినే మేలు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. రెక్సిన్‌ని నాయన మెచ్చుకున్నది ఆ ఒక్క చోటే అనుకుంటా.

*

ఏడాదికి ఒకటి రెండుసార్లు మద్రాసు ప్రయాణం ఉండేది. సింగరాయకొండలో రైలెక్కి సెంట్రల్లో దిగితే తోళ్ళ అంగళ్ళుండే పెరియమేట నడిచిపోయేంత దూరం. వేసవి అయితే ఉలవపాడు మామిడికాయల బుట్ట ఒకటి వెంట. అది అక్కడి తోలు భాయ్‌కి. బుట్ట చూడగానే ఆయన చదరపు అడుగు ధరలో కొంచెం దిగేవాడని నాయన నమ్మకం. నాకైతే ముందే కొంచెం ఎక్కించి చెప్పేవాడేమో అనిపించేది.

నన్ను తీసుకెళ్ళినప్పుడు చూశాను, చిన్న సందుల్లో దుకాణం వెనక దుకాణం, చెక్క అరల్లో తోళ్ళ దొంతరలు, రిక్షాల మీద తోళ్ళ కట్టలు. లోపలి అరలకి కావలసిన తోలు నాయన వేరుగా ఎంచేవాడు. పైతోలు చూసేటప్పుడు వెలుతురులోకి పట్టుకొని చూసేవాడు. లోపలి తోలుకి వేళ్ళే పని చేసేవి. మడిచి మళ్ళీ విప్పేవాడు, మడత దగ్గర సన్న గీతలు పడితే మంచిది, వదులుగా పొంగితే లోపల పొర విడిపోతోందని అర్థం. అంచు కోసిన చోట చూసేవాడు, మధ్యలో నీలం బూడిద రంగు కనపడితే క్రోమ్ ఉప్పులతో ఊనింది, చివరిదాకా గోధుమరంగైతే చెక్కతో ఊనింది. తర్వాత జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి, ఒక మూల ఉమ్మితో తడిపి గట్టిగా రుద్దేవాడు. రుమాలుకి రంగంటితే ఆ తోలు ఎంత చవకైనా ముట్టుకునేవాడు కాదు. పైకి రంగంటితే చొక్కాకే కదా, లోపల అంటితే నోట్లకీ, కాయితాలకీ, పెళ్ళిశుభలేఖలకీ అంటుతుంది.

మేకా గొర్రె విషయంలో భాయ్‌కీ నాయనకీ ఎప్పుడూ తగువే. భాయ్ గొర్రెతోలు అంటగట్టాలని చూసేవాడు, మీ నెల్లూరు గొర్రే కదయ్యా, ఎందుకు వద్దంటావు అని. మాట నిజమే. మన పల్ల, జోడిపి, దొర రకాలకి ఉన్ని ఉండదు, వెంట్రుకే. ఉన్ని గొర్రె తోలు కన్నా ఈ వెంట్రుక గొర్రె తోలు బిగువుగా, సన్నగా ఉంటుంది, చేతితొడుగులకీ కోట్లకీ పేరు పడింది. మన సంతలో కోసిన పొట్టేలు తోలు ఇట్టా మద్రాసు వచ్చి మెరుపు తెచ్చుకొని మళ్ళీ మనకే అమ్ముడుపోవడం నాయనకి తమాషాగా ఉండేది. అయినా గొర్రె గొర్రే. దాంట్లో కొవ్వు పొర ఒకటుంటుంది, లాగితే పై పొర, కింద పొర విడిపోతాయి. నడిమి గోడకి పనికిరాదు. ఆడవాళ్ళ పర్సుల్లో చెయ్యి తగిలే అస్తరుకి వాడేవాడు. బరువు పడేచోట సన్న మేకతోలే. "గొర్రె చెంపకి ఆనించుకోడానికి, మేక పని చేయించుకోడానికి" అనేవాడు. భాయ్ ఆ మాటకి పడీ పడీ నవ్వి, మేకతోలుకి ధర పెంచేవాడు.

*

గుడ్డ సంగతి అమ్మది. చీరాల నుంచి నేతవాళ్ళు మూట మీద పెట్టుకొచ్చే గళ్ళ గుడ్డ, లుంగీల కోసం నేసింది, గజాల లెక్కన కొనేది. బిగువు నేత, అంచు పీచు రాదు. కొన్న గుడ్డ తెచ్చినట్టే కొయ్యనిచ్చేది కాదు. రాత్రంతా తొట్టిలో నానేసి, గంజి పోయేదాకా పిండి, నీడన ఆరేసి, బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో ఇస్త్రీ చేశాకే కత్తెర. లేకపోతే మొదటి వానకి తడిసినప్పుడు గుడ్డ ముడుచుకుంటుంది, తోలు ముడుచుకోదు, సంచి లోపలంతా కుచ్చులు పడుతుంది. కొత్త ఎరుపు, కొత్త నీలం అయితే ఉప్పునీళ్ళలో ఇంకోసారి. అయినా రంగు వదిలితే ఆ గుడ్డ మా ఇంట్లో దిండు గలీబులయ్యేది. మా ఇంట్లో దిండ్లన్నీ ఎరుపే.

లేత రంగు గుడ్డే వెయ్యాలని అమ్మ పట్టు. మాసిపోతుందని కొన్నవాళ్ళు గొణిగేవాళ్ళు. "మాస్తే మాసింది, లోపలేముందో కనపడద్దా" అనేది. నల్ల అస్తరు వేసిన బ్యాగులో తాళంచెవి వెతుక్కునే ప్రతిసారీ నాకు అమ్మే గుర్తొస్తుంది.

జిగురు కాచడం మా పిల్లల పని. మైదా ఉండకట్టకుండా నీళ్ళలో కలిపి, సన్న సెగ మీద తిప్పుతా ఉండాలి. దించేముందు అమ్మే వచ్చి చిటికెడు మైలుతుత్తం వేసేది, మమ్మల్ని ఆ పొట్లం ముట్టుకోనిచ్చేది కాదు. అది వెయ్యకపోతే బొద్దింకలూ, రామబాణం పురుగులూ జిగురు కోసం గుడ్డనీ తినేస్తాయి. జిగురు లేతాకుపచ్చ నీలంగా మారేది. చూడ్డానికి మిఠాయిలా ఉండేది గానీ విషం. సొల్యూషన్ రాసినచోట తోలు బిర్రుగా అవుతుంది, మైదా జిగురు ఆరాక కూడా గుడ్డా తోలూ కలిసి వంగుతాయి. అయితే వానాకాలంలో దానికి బూజు తొందర. మాకు అసలు వానలు కార్తీకంలోనే కదా, తుపాను పట్టిందంటే వారం రోజులు ఎండ మొహం కనపడదు. బూజు ఎప్పుడూ లోపలి గోడల మీదే ముందు పడుతుంది, గాలి తగలని చోటు. కొట్లో సంచులన్నీ ఇంటికి మోసుకొచ్చి, మూతలు తెరిచి, లోపల పాత పేపర్లు ఉండలు చుట్టి పెట్టి, వరండాలో దండెం మీద తగిలించేవాళ్ళం. ఆ రోజుల్లో ఇల్లంతా తంగేడు వాసన, తడి పేపరు వాసన, పొయ్యి మీద ఉలవచారు వాసన.

*

తర్వాత రెక్సిన్ రోజులొచ్చాయి. చవక, మెరుపు, ఏ రంగంటే ఆ రంగు. ఒంగోలు నుంచి చుట్టలు చుట్టలు దిగేవి. లోపలంతా రెక్సినే వెయ్యమని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, తోలు అరలు పాతకాలం అన్నారు. నాయన వేసిచ్చేవాడు, కడుపు నిండాలిగా.

ఇన్సూరెన్సు ఏజెంటు ఒకాయన కాయితాల బ్యాగు కుట్టించుకున్నాడు, నాలుగు అరలు, నాలుగూ రెక్సిన్. ఒక ఎండాకాలం గడిచాక తెచ్చి చూపించాడు. జిరాక్సు కాయితాలు గోడలకి అతుక్కుపోయాయి. లాగితే కాయితం తెల్లగా వచ్చింది, అక్షరాలు రెక్సిన్ మీద ఉండిపోయాయి. తిరగేసిన అక్షరాలు. ఎవరిదో పేరు, ఎవరిదో పుట్టినతేదీ, అద్దంలో చూస్తేగానీ చదవలేం. ఆ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం మెల్లగా పైకి వచ్చి జిరాక్సు సిరాని కరిగిస్తుందని చాలా ఏళ్ళకి ఎక్కడో చదివాను. నాయనకి కారణం తెలియదు. కాయితాలుండే అరకి ఆ తర్వాత అట్ట మీద క్యాలికో గుడ్డే వేశాడు, పుస్తకాల బైండింగుకి వేసేది. అడిగినా రెక్సిన్ వెయ్యలేదు.

ఇప్పటి పీయూ అని వస్తోందే, గుడ్డ మీద ప్లాస్టిక్ పూత పూసిన తోలులాంటిది, అది ఇంకో రకం. మన తీరం గాలిలో తేమకి ఆ పూతే విరిగిపోతుంది, నాలుగైదేళ్ళకి పాము కుబుసం విడిచినట్టు పొరలు పొరలుగా రాలి బట్టలకంతా అంటుకుంటుంది. వాడకుండా బీరువాలో దాచినా అంతే. మా చెల్లెలి కొడుకు లోపలికి అది కొందామనే చూస్తున్నాడు, తోలు కంటే ఏకరీతిగా ఉంటుందని. పారాచూట్ గుడ్డ అయినా దానికంటే నయం. అంచులు కొవ్వొత్తి సెగకి చూపించి పీచు రాకుండా చెయ్యాలి, జారుతుంది కాబట్టి కుట్టు దగ్గర దగ్గరగా వెయ్యాలి, అంతే.

*

దొంగ అర గురించి చెప్పకపోతే నాయన ఊరుకోడు.

పొగాకు రోజుల్లో టంగుటూరు, కొండపి వైపు కొనుగోలుకి తిరిగేవాళ్ళు డబ్బు సంచిలోనే మోసేవాళ్ళు. 1985లో వేలం కేంద్రాలు వచ్చాక బ్యాంకు లెక్కలు ఎక్కువయ్యాయి గానీ అంతకుముందు చేతిలో రొక్కమే. ప్రతివాడూ కొట్టుకి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ఒకే మాట అడిగేవాడు. ఎవరికీ తెలియని చోట ఒక అర పెట్టు.

నాయనా గొంతు తగ్గించి, "నీకొక్కడికే పెడతన్నా, బయట అనమాక" అనేవాడు.

పైతోలుకీ అస్తరుకీ మధ్య, నడిమి గోడ మొదలయ్యే కుట్టు పక్కన ఉండేదది. దానికి తోలు కొట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా పలచనిది కావాలి, అంచులు పలకరాయి మీద కాయితంలా తేలిపోయేదాకా చెక్కాలి. మందం తెలిసిందంటే సంచి తడిమిన దొంగకీ తెలుస్తుంది. నోరు పైకి కాకుండా పక్కకి ఉండాలి, తిరగేసి దులిపినా పడకుండా. పొగాకు వ్యాపారులు అందరి సంచుల్లోనూ అది అదే చోట ఉండేది. ఎవరికి వాళ్ళు తమకొక్కరికే ఉందనుకొని తిరిగారు. ఒకరి సంచి ఇంకొకరు తడిమి ఉంటే కందుకూరు బస్టాండులో పెద్ద గొడవే అయ్యుండేది.

*

మా కొట్టు ముద్ర ఒకటుండేది, వేడిచేసి నడిమి గోడ మీద, మూత తీస్తేనే కనపడేట్టు కొట్టేవాడు. ఊరూ జిల్లా పేరు. కందుకూరు అప్పటిదాకా నెల్లూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా అన్నారు, కొత్త ముద్ర చేయించాడు. రెండేళ్ళకి దానికి ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు. ఈసారి నాయన డబ్బు పెట్టలేదు, ముద్ర మీద జిల్లా పేరు అరగదీసేశాడు. ఊరి పేరు ఒక్కటే ఉంచాడు. 2022లో కందుకూరిని మళ్ళీ నెల్లూరులో కలిపినప్పుడు అన్న ఫోన్ చేసి నవ్వాడు, నాయన ముందే చూశాడే అని.

*

కండక్టర్లకి టిక్కెట్ల మిషన్లు వచ్చాక సంచుల గిరాకీ తగ్గింది. నాయన పర్సుల మీద పడ్డాడు. పర్సులో మందమే శత్రువు. పైన ఒక పొర, నోట్ల అరకి ఒక పొర, కార్డులకి ఒకదాని మీద ఒకటి నాలుగు, మడత అంచులు లెక్కేస్తే ఇంకా రెట్టింపు. మడిచేసరికి ఇటుకరాయంత. నాయన కొలత పోస్టుకార్డు. పైతోలు నాలుగు పోస్టుకార్డులు పేర్చినంత ఉండొచ్చు, లోపలి గోడలు రెండుకి మించకూడదు. కార్డు అరలు మొత్తం తోలుతో చేసేవాడు కాదు. కంటికి కనపడే పై అంచు మాత్రం తోలు, కిందికి దిగే భాగమంతా సన్న గుడ్డ. కార్డు గుడ్డలో కూర్చుంటుంది, వేలు తోలుకి తగులుతుంది, మందం సగానికి సగం తగ్గుతుంది. ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు, మద్రాసులో ఒక పాత విదేశీ పర్సు కుట్లు విప్పి చూసి నేర్చుకున్నాడు. కుట్లు విప్పడానికి దాన్ని డబ్బిచ్చి కొన్నాడు, అమ్మ చాలా రోజులు మాట్లాడలేదు.

అట్ట అచ్చులన్నీ నోటు కొలతల మీద ఉండేవి. పాత వంద నోటు 157 మిల్లీమీటర్ల పొడవు, 73 ఎత్తు. పాత అయిదువందలు 167, వెయ్యి నోటు 177. పొడవులు వేరైనా ఎత్తు అన్నిటికీ 73. నోట్ల అర ఆ ఎత్తుకి కుట్టేవాడు, నోటు పై అంచు గోరుకి అందేట్టు.

2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాయి. అప్పటికి నాయన కొట్టు మానేసి ఇంటి వరండాలో కూర్చునే మనిషి. అన్న బ్యాంకు లైన్లో నిలబడి కొత్త రెండువేల నోటు ఒకటి తెచ్చాడు. ఇంట్లో అందరం ఆ గులాబిరంగు చూస్తున్నాం, అమ్మ ఇది పిల్లలాడుకునే నోటా అంటోంది. నాయన స్టీలు స్కేలు తెమ్మన్నాడు. కళ్ళద్దాలు సర్దుకొని కొలిచాడు. 166, 66. కొన్ని రోజులకి కొత్త అయిదువందలు వస్తే అదీ కొలిచాడు. 150, 66. ఏడు మిల్లీమీటర్లు పొట్టి.

"ఇంకేముంది, నోటు అర లోపలికి మునిగిపోద్ది. వేలికి అందదు. గోడలన్నీ దించాల" అన్నాడు. ఇంట్లో డబ్బుల్లేక అందరం తలలు పట్టుకునుంటే ఆయన అటక మీంచి అచ్చుల కట్ట దింపించి, కొత్త అట్ట మీద పెన్సిల్‌తో గీతలు గీయడం మొదలుపెట్టాడు. ఎవరూ పర్సు అడగలేదు, తోలు కూడా లేదు ఇంట్లో.

అన్న పాత అచ్చులు పారేద్దామా అని అడిగాడు.

"పారెయ్యమాక. గవర్నమెంటోళ్ళ నోటు, మళ్ళీ ఎప్పుడు పెంచుద్దో ఎవురికి తెలుసు" అన్నాడు నాయన.

వంటింట్లోంచి అమ్మ గొంతు. "ఆ కొలిచింది చాల్లే గానీ, ముందు దాన్ని ఎవురి దగ్గరన్నా మార్చుకురమ్మను. పాలవాడు వాకిట్లో నిలబడుండాడు."